రాయగడలో పాత బీఎండబ్ల్యూ కొనవచ్చా? రీకాల్ వేరు, రిపేరు వేరు

ఒడిశాలోని రాయగడ నుంచి ఒక మిత్రుడు అడిగిన ప్రశ్నకు ఇది జవాబు. హైదరాబాద్‌లో రిజిస్టరైన 2013 బీఎండబ్ల్యూ 320డి, మీటరు మీద 92 వేల కిలోమీటర్లు, మూడో యజమాని అమ్ముతున్నాడు. విశాఖపట్నం బ్రోకరు 9 లక్షలు చెబుతున్నాడు. "ఆ కార్లు తగలబడుతున్నాయని కంపెనీవాళ్లే వెనక్కి పిలిచారు, ముట్టుకోవద్దు" అని ఆయన బావగారు అంటున్నారు. "జర్మన్ బండి సార్, మూడు లక్షల కిలోమీటర్లు కళ్లు మూసుకుని తిరుగుతుంది" అని బ్రోకరు అంటున్నాడు. ఎవరి మాట నమ్మాలి, అదే డబ్బుకు పాత బెంజ్ ఈ-క్లాస్ తీసుకుంటే మేలా అని ప్రశ్న.

ఇద్దరూ చెప్పినదాంట్లో సగం నిజం ఉంది. మీ బావగారు రీకాల్ గురించి చెబుతున్నారు, బ్రోకరు మన్నిక గురించి చెబుతున్నాడు. ఈ రెండూ ఒకటే అనుకుంటే కొనకూడని కారు కొంటారు, కొనదగిన కారు వదులుకుంటారు. నేను విశాఖలో ఒక అధికారిక సర్వీసు సెంటర్‌లో పనిచేసి, తరువాత బరంపురంలో సొంత షెడ్డు పెట్టుకున్నాను. ఇచ్ఛాపురం నుంచి కొరాపుట్ దాకా ఇలాంటి కార్లు నా దగ్గరికి వస్తుంటాయి, వాటిలో కొన్ని తమ చక్రాల మీద కాకుండా లారీ మీద వస్తాయి. అందుకని కొంచెం విడమరిచే రాస్తాను.

రీకాల్ అంటే ప్రాణానికి ముప్పు తెచ్చే తయారీ లోపం బయటపడినప్పుడు కంపెనీ తన ఖర్చుతో బాగుచేసి ఇవ్వడం. మీరు మూడో యజమాని అయినా, నాలుగో యజమాని అయినా పైసా కట్టనక్కరలేదు, ఎందుకంటే అది యజమాని పేరుకు కాదు, చాసిస్ నంబరుకు వర్తిస్తుంది. మన్నిక సంగతి వేరు. చైన్ అరిగినా, గేరుబాక్సు కుదుపులిచ్చినా, నీళ్ల పంపు పోయినా అది మీ జేబు వ్యవహారం. వారంటీ ఎప్పుడో ముగిసిపోయిన కారుకు కంపెనీ ఏమీ ఇవ్వదు. కాబట్టి రీకాల్ జరిగి, ఆ పని పూర్తయినట్టు రికార్డు ఉన్న కారును చూసి నేను భయపడను. దాని లోపం కంపెనీ ఖర్చుతో తీరిపోయింది. పిలుపు వచ్చినా ఎవరూ తీసుకువెళ్లని కారు అసలు సమస్య. పాత లగ్జరీ కార్లలో అలాంటివి తక్కువేమీ కాదు, ఎందుకంటే కంపెనీ ఉత్తరం మొదటి యజమాని చిరునామాకు వెళుతుంది. ఆయన కారు అమ్మేసి ఉంటాడు, ఉత్తరాన్ని చించేసి ఉంటాడు.

ఇప్పుడు మీ బావగారు చెప్పిన మంటల సంగతి. అది పుకారు కాదు. 2018 వేసవిలో దక్షిణ కొరియాలో బీఎండబ్ల్యూ డీజిల్ కార్లు వరుసగా దగ్ధమయ్యాయి, వాటిలో 520డి ఎక్కువ. అక్కడ లక్షా 6 వేల కార్లను వెనక్కి పిలిచారు. తనిఖీ చేయించని కార్లు రోడ్డెక్కకూడదని ఆగస్టులో ప్రభుత్వం ఆంక్ష పెట్టింది. భూగర్భ పార్కింగ్‌లలోకి ఆ కార్లను రానివ్వని భవనాలు కూడా ఉన్నాయి. అదే ఏడాది అక్టోబరు నాటికి ప్రపంచవ్యాప్తంగా ఈ రీకాల్ 16 లక్షల కార్లకు పెరిగింది.

కారణం ఈజీఆర్ కూలర్. ఇంజన్ వదిలిన పొగలో కొంత భాగాన్ని చల్లబరిచి మళ్లీ ఇంజన్‌లోకే పంపితే నైట్రోజన్ ఆక్సైడ్లు తగ్గుతాయి. ఆ పొగను చల్లబరిచే పెట్టె ఈ కూలర్. ఒక వైపు వేడి పొగ, మరో వైపు కూలెంట్. లోపలి గోడ చిట్లితే కూలెంట్‌లోని గ్లైకాల్ పొగ వైపు కారుతుంది, అక్కడ పేరుకున్న మసితోనూ నూనె జిడ్డుతోనూ కలిసి తారులా గట్టిపడుతుంది. కూలెంట్ మామూలుగా మండదు గానీ, నీరు ఆవిరైపోయి మిగిలిన ఈ జిగురు మండుతుంది. ఎక్కువ లోడు మీద ఇంజన్ బాగా వేడెక్కినప్పుడు నిప్పురవ్వ తగిలితే ఇంజన్‌లోకి గాలి పంపే ప్లాస్టిక్ గొట్టాల అమరిక, అంటే ఇన్‌టేక్ మానిఫోల్డ్, కరుగుతుంది. ఆ తరువాత మంట బయటికి వస్తుంది. వెనక్కి పిలిచిన కార్ల సంఖ్యతో పోలిస్తే తగలబడినవి చాలా తక్కువ. అయితే తప్తపాణి ఘాట్‌లోనో, సుంకి నుంచి సాలూరు దిగే దారిలోనో బాన్నెట్ కింద నుంచి పొగ వస్తే శాతాలు గుర్తుకు రావు.

మీరు చూస్తున్న 320డి ఈ రీకాల్ తాకిన కాలంలోనే తయారైంది. అంత మాత్రాన మీ కారు ఆ జాబితాలో ఉందని కాదు. ఏ కూలర్ ఏ నెలలో ఏ ఇంజన్‌కు అమర్చారన్న దాన్ని బట్టి జాబితా ఉంటుంది, అది చాసిస్ నంబరుతోనే తేలుతుంది. ఈలోగా మీ కళ్లతో చూడవలసింది ఒకటుంది. ఉదయం ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు కూలెంట్ డబ్బా మూత తీసి మట్టం చూడండి. కింద ఎక్కడా తడి లేకుండా మట్టం తగ్గుతున్నదంటే అది లోపలికే పోతున్నదని అర్థం. డబ్బాలో మంచి నీళ్లు కనిపిస్తే మరింత అనుమానించండి. ఎవరో తరచూ నింపుతున్నారు, నింపవలసిన అవసరం ఎందుకు వస్తున్నదో అడగలేదు.

ఇక్కడ బ్రోకర్లు వాడే మాట ఒకటి చెప్పాలి. "ఈజీఆర్ మూయించేశాం సార్, ఇంక ఆ గొడవే లేదు" అంటారు. కొన్ని షెడ్లలో చిన్న రేకు పెట్టి పొగ దారి మూసేసి, ఇంజన్ కంప్యూటర్‌లో ప్రోగ్రాం మార్చి, లైటు రాకుండా చేస్తారు. నా అభిప్రాయంలో అది కారు వదులుకోవడానికి తగిన కారణం. కూలర్ తీసేయకపోతే కూలెంట్ అందులో తిరుగుతూనే ఉంటుంది, చిట్లే అవకాశం అలాగే ఉంటుంది. పైగా ఉద్గారాల నియమాలకు అది విరుద్ధం. ఇంజన్ కంప్యూటర్‌ను ఒకసారి కెలికినవాడు ఇంకేమి కెలికాడో ఎవరికి తెలుసు?

రెండో రీకాల్ మంట కన్నా పెద్దది, కానీ మన వైపు దాని గురించి మాట్లాడేవారు తక్కువ. టకాటా అనే జపాన్ కంపెనీ తయారుచేసిన ఎయిర్‌బ్యాగులు. వాటిని ఊదడానికి అమ్మోనియం నైట్రేట్ వాడారు, చాలా రకాల్లో తేమను పీల్చే పదార్థం పెట్టలేదు. ఏళ్ల తరబడి వేడి, తేమ తగిలితే ఆ మందు స్వభావం మారుతుంది. ప్రమాదంలో ఎయిర్‌బ్యాగు తెరుచుకోవలసిన క్షణంలో బ్యాగును ఊదే ఇన్‌ఫ్లేటర్ లోహపు డబ్బా పేలి, ముక్కలు ముఖం మీదికి, మెడ మీదికి వస్తాయి. అమెరికాలోనే 25 మందికి పైగా ఇలా చనిపోయారు. అక్కడ 6 కోట్ల 70 లక్షల ఇన్‌ఫ్లేటర్లను వెనక్కి పిలిచారు. 2017 జూన్‌లో టకాటా దివాలా తీసింది. హోండా, టొయోటా లాంటి కంపెనీలతో పాటు బీఎండబ్ల్యూ, బెంజ్, ఆడి కూడా ఆ జాబితాలో ఉన్నాయి. మన దేశంలో హోండా సిటీ, సివిక్, అకార్డ్ కార్లకు ఈ రీకాల్ చాలామంది చేయించుకున్నారు.

అమెరికా ప్రభుత్వం ఈ రీకాల్‌ను నిర్వహించినప్పుడు రాష్ట్రాలను వేడినీ తేమనూ బట్టి మూడు మండలాలుగా విడదీసింది, ఫ్లోరిడా లాంటి తీర ప్రాంతాలకు మొదటి వంతు ఇచ్చింది. మన తీరాన్ని అక్కడ ఉంచి చూడండి. గోపాల్‌పూర్ నుంచి భీమిలి దాకా సముద్రపు గాలి, మే నెల ఎండ, ఆ వెంటనే వాన. విశాఖ బీచ్ రోడ్డు పక్కన నీడ లేని చోట పదేళ్లు నిలిపిన కారు అంటే ఆ మందు పాడవడానికి కావలసిన పరిస్థితులన్నీ కుదిరినట్టే.

2013 320డి కూడా 3-సిరీస్ కారే, అయితే పాత మోడల్ తరువాత వచ్చినది కాబట్టి ఈ విషయంలో కొంత మేలు. అయినా ఒక ఉదాహరణ మీకు పనికివస్తుంది. 2024 జూలైలో బీఎండబ్ల్యూ అమెరికాలో 2006 నుంచి 2012 వరకు తయారైన దాదాపు 3 లక్షల 90 వేల 3-సిరీస్ కార్లను వెనక్కి పిలిచింది. ఆ కార్లు ఫ్యాక్టరీ నుంచి వచ్చినప్పుడు వాటిలో టకాటా ఎయిర్‌బ్యాగు లేదు. కానీ యజమానులు అందం కోసం స్పోర్ట్స్ స్టీరింగ్ కొనుక్కుని బిగించుకుని ఉండవచ్చు, ఆ స్టీరింగ్‌లో టకాటా ఇన్‌ఫ్లేటర్ ఉండవచ్చు. అందుకే అన్నింటినీ తనిఖీకి పిలిచారు. ఇది సెకండ్ హ్యాండ్ కార్ల సమస్యను సరిగ్గా పట్టుకుంది. రీకాల్ చాసిస్ నంబరును వెంబడిస్తుంది, లోపం మాత్రం విడిభాగంతో పాటు ప్రయాణిస్తుంది. పాత సామాన్ల మార్కెట్లలో ఎయిర్‌బ్యాగుతో సహా స్టీరింగులు అమ్ముతారు. ప్రమాదంలో తెరుచుకున్న బ్యాగు స్థానంలో మరో కారు నుంచి తీసినది పెట్టి, డాష్‌బోర్డుకు అతుకు వేసి, బండి అమ్మేస్తారు. చాసిస్ నంబరు కొడితే "పెండింగ్ ఏమీ లేదు" అని వస్తుంది, లోపల ఉన్న బ్యాగు ఏ కారుదో ఆ కంప్యూటర్‌కు తెలియదు.

అందుకని మీరు స్వయంగా చూడవలసినవి ఇవి. ఇగ్నిషన్ ఆన్ చేయగానే ఎయిర్‌బ్యాగు గుర్తు ఎర్రగా వెలిగి కొన్ని క్షణాల్లో ఆరిపోవాలి. ఆరకపోతే లోపం ఉంది, అసలు వెలగకపోతే మోసం ఉంది. స్టీరింగ్ మధ్యలోని బ్యాగు మూత రంగు, గరుకుదనం చుట్టూ ఉన్న ప్లాస్టిక్‌తో కలుస్తున్నదో లేదో పగటి వెలుగులో చూడండి. ప్రయాణికుడి వైపు డాష్‌బోర్డు మీద అతుకు గీత ఉన్నదేమో చేత్తో తడిమి చూడండి. సీటు బెల్టు చివరి దాకా లాగి, దాని మీద ఉన్న తేదీ ముద్ర కారు తయారైన ఏడాదికి దగ్గరగా ఉందా చూడండి. మొత్తం కారు 2013లో, ఒక్క బెల్టు 2017లో తయారైతే మధ్యలో ఏదో జరిగింది.

ఇక చాసిస్ నంబరు తనిఖీ ఎలా అంటే, ఆర్‌సీ మీద 17 అక్షరాలూ అంకెలూ కలిసిన నంబరు ఉంటుంది. ముందు అద్దం కింద మూలలోనూ అదే ఉండాలి, తలుపు స్తంభం మీది స్టిక్కరుపైనా అదే ఉండాలి. ఐ, ఓ, క్యూ అనే ఇంగ్లిషు అక్షరాలు ఈ నంబరులో వాడరు. ఒకటి, సున్నాలతో కలవకూడదని ఆ ఏర్పాటు. ఎవరైనా పంపిన నంబరులో ఓ కనిపిస్తే తప్పుగా రాసినట్టు. బీఎండబ్ల్యూ అయితే చివరి ఏడు అక్షరాలు చెబితే చాలు, ఆ కారు ఎప్పుడు, ఏ సామగ్రితో తయారైందో తెలిసిపోతుంది. విశాఖలోనో భువనేశ్వర్‌లోనో అధికారిక సర్వీసు సెంటర్‌కు కారు తీసుకువెళ్లి, సర్వీస్ అడ్వైజరు దగ్గర రెండు విషయాలు అడగండి. ఈ నంబరు మీద పూర్తికాని రీకాల్ గానీ, టెక్నికల్ క్యాంపెయిన్ (రీకాల్ కాకపోయినా కంపెనీ పిలిచి చేసే పని) గానీ ఉందా? ఇప్పటి దాకా ఏ తేదీన, ఎన్ని కిలోమీటర్ల వద్ద ఏ పని జరిగింది? రెండో ప్రశ్నకు జవాబు ఇవ్వడానికి యజమాని అనుమతి అడగవచ్చు. అమ్మేవాడు ఫోన్ చేసి సరే అనడానికి వెనకాడితే అక్కడితో బేరం ఆపేయండి.

చట్టం గురించి ఒక మాట, మీకు అది ఎంత వరకు పనికివస్తుందో తెలియాలి కదా. మోటారు వాహనాల చట్టానికి 2019లో సవరణ చేసి 110ఏ అనే సెక్షన్ చేర్చారు. దాని కింద నియమాలు 2021 ఏప్రిల్ 1 నుంచి అమలులోకి వచ్చాయి. తగినంత మంది యజమానులు ఫిర్యాదు చేస్తే ప్రభుత్వమే కంపెనీని రీకాల్‌కు ఆదేశించవచ్చు, 10 లక్షల నుంచి కోటి రూపాయల దాకా జరిమానా వేయవచ్చు. కానీ అది ఏడేళ్ల లోపు వాహనాలకే. మీ 2013 కారు ఆ గడువు దాటిపోయింది. ప్రాణానికి సంబంధించిన లోపాలకు కంపెనీలు పాత కార్లను కూడా పిలుస్తాయి, కానీ అది వాటి బాధ్యతాబుద్ధి మీదే ఆధారపడి ఉంటుంది. కొన్న మర్నాడే సర్వీసు సెంటర్‌లో మీ పేరు, రాయగడ చిరునామా, ఫోను నంబరు నమోదు చేయించండి. లేకపోతే రేపు వచ్చే ఉత్తరం కూడా హైదరాబాద్‌లో ఎవరి గుమ్మంలోనో పడుతుంది.

రీకాల్ సంగతి ఇంతటితో సరి. ఇక మీ డబ్బు తినే సంగతులు.

2013 320డిలో ఉండేది ఎన్47 అనే ఇంజన్. నాకు ఇష్టమైన ఇంజన్, లీటరుకు మైలేజీ, లాగుడు రెండూ బాగుంటాయి. దాని శాపం టైమింగ్ చైన్, అంటే వాల్వులు సరైన వేళకు తెరుచుకుని మూసుకునేలా చూసే గొలుసు. ఆ చైన్ ఇంజన్ ముందు వైపు కాకుండా వెనుక, గేరుబాక్సు వైపు ఉంటుంది. 2007 నుంచి మొదటి కొన్నేళ్లలో తయారైన వాటిలో చైన్, దాన్ని పట్టి ఉంచే గైడ్లు ముందుగానే అరిగి, తెగిపోయిన ఉదంతాలు చాలా ఉన్నాయి. తరువాతి వాటిలో తగ్గాయి గానీ పూర్తిగా పోలేదు. తెగితే వాల్వులు పిస్టన్లను గుద్దుకుంటాయి, ఇంజన్ చేతికి రాదు. తెగక ముందే మార్చాలన్నా గేరుబాక్సు దింపాలి లేదా ఇంజన్ దింపాలి. చైన్ ధర కన్నా ఆ కూలీ ఎక్కువ.

దీనికి చెవి చాలు. బ్రోకరు మీరు వచ్చే ముందే బండి స్టార్టు చేసి వేడెక్కించి ఉంచుతాడు, మీరు దానికి ఒప్పుకోకూడదు. రాత్రంతా నిలిపిన కారును మీ ముందే స్టార్టు చేయించండి. బాన్నెట్ ఎత్తి, ఇంజన్ వెనుక వైపు, అంటే అద్దానికి దగ్గరగా చెవి పెట్టండి. గొలుసు రేకుకు రాసుకుంటున్నట్టు గరగర వినిపించినా, యాక్సిలరేటర్ నెమ్మదిగా నొక్కి 1,500 నుంచి 2,000 ఆర్‌పీఎం మధ్య అదే శబ్దం పెరిగినా ఆ కారు మీది కాదు. "డీజిల్ ఇంజన్ అంతే సార్" అంటాడు. పక్కన మరో 320డి స్టార్టు చేయించి పోల్చి చూపమనండి.

చైన్ ఆయుష్షు ఆయిలు మీద ఆధారపడుతుంది. కారే లెక్కవేసి ఎప్పుడు మార్చాలో చెప్పే పద్ధతి ఐరోపా చలికి, హైవేలకు బాగానే ఉంటుంది. మన ఎండలో, ఘాట్ రోడ్ల మీద, దుమ్ములో ఆ లెక్క మీద ఆధారపడవద్దు. పది వేల కిలోమీటర్లకు లేదా ఏడాదికి ఒకసారి, ఏది ముందు వస్తే అప్పుడు, కంపెనీ ఒప్పుకున్న గ్రేడు ఆయిలు పోయించండి. మీరు చూస్తున్న కారు సర్వీసు పుస్తకంలో ఆయిలు మార్పుల మధ్య 25 వేల కిలోమీటర్ల ఎడం కనిపిస్తే మీటరు మీద ఎంత తక్కువ ఉన్నా నేను తీసుకోను.

గేరుబాక్సు గట్టిది. జెడ్‌ఎఫ్ కంపెనీ ఎనిమిది గేర్ల ఆటోమేటిక్. దాని ఆయిలు జీవితాంతం మార్చనక్కరలేదని చెబుతారు. తయారుచేసిన జెడ్‌ఎఫ్ మాత్రం 80 వేల నుంచి లక్షా 20 వేల కిలోమీటర్ల మధ్య మార్చమంటుంది. తయారుచేసినవాడి మాటే నేను వింటాను. 92 వేల దగ్గర ఉన్న మీ కారుకు అది దగ్గర పడిన ఖర్చు, బేరంలో లెక్కవేసుకోండి. ఫిల్టరు అడుగు ప్లాస్టిక్ ట్రేలోనే ఉంటుంది కాబట్టి ట్రే మొత్తం మార్చాలి. ఆయిలు మట్టం చూడటానికి ఇంజన్ నడుస్తుండగా ఆయిలు ఒక నిర్ణీత వేడిలో ఉండాలి, అది స్కానరుతోనే తెలుస్తుంది. స్కానరు లేని షెడ్డులో ఈ పని చేయించవద్దు.

బ్యాటరీ బూట్‌లో ఉంటుంది. కొత్తది వేశాక కారు కంప్యూటర్‌కు నమోదు చేయాలి, లేకపోతే పాత బ్యాటరీ అనుకుని చార్జింగు చేస్తుంది, కొత్తది త్వరగా పోతుంది. టైర్లు రన్‌ఫ్లాట్ రకం అయితే స్టెప్నీ ఉండకపోవచ్చు. గాలి పోయాక 80 కిలోమీటర్ల వేగం మించకుండా 80 కిలోమీటర్ల దూరం పోవచ్చని చెబుతారు. రాయగడ నుంచి పార్వతీపురం మీదుగా విశాఖ పోయే దారిలో గుంతలో పడి సైడ్‌వాల్ చీలితే ఆ లెక్క వర్తించదు. టైరు పక్కన ఉన్న నాలుగు అంకెల్లో మొదటి రెండు వారం, తరువాతి రెండు సంవత్సరం. ఆరేళ్లు దాటినవి నాలుగూ మార్చుకోవాలి, ఆ ధర తగ్గించమని అడగండి.

ముంపు సంగతి మాత్రం నిలబడి చూడండి. హైదరాబాద్‌లో 2020 అక్టోబరు వరదల్లో సెల్లార్లలో ఉన్న ఖరీదైన కార్లు చాలా మునిగాయి. 2014 హుద్‌హుద్‌లో విశాఖ, 2018 తిత్లీలో మన గజపతి, రాయగడ వైపు, 2015 డిసెంబరులో చెన్నై. ఇన్సూరెన్సు కంపెనీ పూర్తి నష్టంగా రాసేసిన కారును వేలంలో కొని, ఆరబెట్టి, పాలిష్ కొట్టి, దూరపు జిల్లాలకు అమ్మే వ్యాపారం ఉంది. ఒడిశా సరిహద్దులో మనం వాళ్లకు మంచి మార్కెట్, ఎందుకంటే ఇక్కడ అధికారిక సెంటర్ లేదు, అడిగేవాడు లేడు. పాత కారును ఇంజన్‌తో కాక కార్పెట్‌తో అంచనా వేయమంటాను. ముందు సీట్ల కింద కార్పెట్ మూల ఎత్తి చూడండి. సీటు పట్టాల బోల్టుల మీద తుప్పు, వైర్ల కనెక్టర్లలో పచ్చని పొర, బూట్ అడుగున సన్నని బురద పొడి కనిపించాయంటే ఇక మాట్లాడవద్దు. ఈ కార్లలో కాళ్ల దగ్గర పక్క ప్యానెళ్ల వెనుక ముఖ్యమైన ఎలక్ట్రానిక్ మాడ్యూళ్లు ఉంటాయి. నీళ్లు తాగిన మాడ్యూలు వెంటనే చావదు, ఏడాది తరువాత ఒక్కొక్కటిగా అద్దాలు, లైట్లు, తాళం, స్టార్టు ఆగుతాయి. సన్‌రూఫ్ గొట్టం పూడుకుపోయి తడిసిన కారు కూడా ఇలాగే ప్రవర్తిస్తుంది, అది కొంచెం నయం.

మీటరు వెనక్కి తిప్పడం మన దేశంలో మామూలు వ్యవహారమైపోయింది. బీఎండబ్ల్యూలో కిలోమీటర్ల లెక్క ఒక్క మీటరులోనే కాక మరికొన్ని మాడ్యూళ్లలోనూ దాగి ఉంటుంది, అన్నిటినీ మార్చే ఓపిక చాలామందికి ఉండదు. మంచి స్కానరుతో వాటిని పోల్చి చూడమనండి. సర్వీసు రికార్డులో 2019లోనే లక్షా 10 వేలు రాసి ఉంటే 92 వేలు ఎలా వచ్చిందో బ్రోకరునే అడగండి.

కాగితాల విషయంలో మీరు రాసిన ఒక వివరం ముఖ్యం. కారు నంబరు ఏపీ 09తో మొదలవుతుందని అన్నారు. కంగారు పడవద్దు, 2013లో హైదరాబాద్ కార్లకు ఏపీ నంబరే వచ్చేది, టీఎస్ నంబర్లు 2014 జూన్ తరువాత మొదలయ్యాయి. కానీ ఎన్‌వోసీ (నిరభ్యంతర పత్రం) తెలంగాణ రవాణా శాఖ నుంచి రావాలి, విజయవాడ వైపు తిరగవద్దు. ఫారం 28 మీద ఎన్‌వోసీ, 29, 30 మీద యాజమాన్య మార్పు, బ్యాంకు అప్పు ఉండి తీరిపోతే ఫారం 35. కారును వేరే రాష్ట్రంలో 12 నెలలకు మించి ఉంచితే అక్కడి నంబరు తీసుకోవాలని చట్టం చెబుతుంది. అంటే ఒడిశాలో పన్ను కట్టి ఓడీ 18 నంబరు తీసుకోవాలి. తెలంగాణలో కట్టిన పన్నులో మిగిలిన కాలానికి వాపసు అడిగే హక్కు ఉంది, అది చేతికి వచ్చేదాకా లెక్కలో వేసుకోవద్దు. 2013 కారుకు 15 ఏళ్ల రిజిస్ట్రేషన్ 2028లో ముగుస్తుంది. అక్కడి నుంచి ఫిట్‌నెస్ పరీక్ష, కొత్త రుసుము. 9 లక్షలు అంటున్న బ్రోకరుకు ఈ సంవత్సరం గుర్తుచేయండి.

డబ్బు గురించి సూటిగా చెబుతాను. ఈ కారుకు 9 లక్షలు పెడితే మరో రెండున్నర లక్షలు మొదటి ఏడాది కోసం పక్కన పెట్టుకోగలగాలి. ఆ డబ్బు లేకుండా కొంటే మజ్జిగౌరమ్మ గుడి ముందు నిమ్మకాయలు తొక్కించి, దండ వేసి తెచ్చిన కారు ఇంటి ముందు గుడ్డ కప్పుకుని నిలబడుతుంది. ఇంట్లో మరో కారు లేకపోయినా కొనవద్దు. ఒక సెన్సరు విశాఖ నుంచి రావడానికి నాలుగు రోజులు పట్టవచ్చు, ఆ నాలుగు రోజుల్లో పిల్లవాడికి జ్వరం వస్తే ఎలా వెళతారు? రెండో బండిగా, నెమ్మదిగా, ఇష్టంగా నడుపుకునేవారికి ఇది మంచి కారు. మొదటి బండిగా రాయగడలో నేను ఎవరికీ చెప్పను.

ఇక ఈ-క్లాస్ ప్రశ్న. అదే ధరకు వచ్చేవి 2010 నుంచి 2012 మధ్య డీజిల్ ఈ-క్లాస్‌లు. వాటిలో నాలుగు సిలిండర్లవాటికి ఓఎం651 ఇంజన్ ఉంటుంది, దాని చైన్ కూడా వెనుకే ఉంటుంది కాబట్టి చలి ఇంజన్ శబ్దం పరీక్ష దానికీ వర్తిస్తుంది. తొలి ఏళ్ల వాటిలో డెల్ఫీ ఇంజెక్టర్లు ముందుగానే పోయేవి, కంపెనీ చాలావాటికి మార్చి ఇచ్చింది, మార్చినట్టు రికార్డు అడగండి. సీటు సుఖం, నిశ్శబ్దం ఈ-క్లాస్‌వే. గుంతల రోడ్డుకు అది మేలు. ఆడి ఏ4 డీజిల్ చూపిస్తే మల్టీట్రానిక్ అనే రకం ఆటోమేటిక్ గేరుబాక్సు ఉన్నది వద్దనండి. ఇంకా చౌకగా 2003 నుంచి 2006 మధ్య ఈ-క్లాస్ చూపిస్తే, దాని ఎలక్ట్రానిక్ బ్రేకుల కోసం 2004లో 6 లక్షల 80 వేల కార్లను కంపెనీ వెనక్కి పిలిచిందని, 2005లో 13 లక్షల కార్లను పిలవడానికి కూడా ఆ బ్రేకులు ఒక కారణమని గుర్తుంచుకోండి. ఆ బ్రేకు పంపుకు లోపల ఒక లెక్క ఉంటుంది, నొక్కుళ్ల సంఖ్య పరిమితి దాటితే డాష్‌బోర్డు మీద హెచ్చరిక వస్తుంది, పంపు మార్చాలి. మీ ముందు ఉన్న రెండింటిలో, సర్వీసు రికార్డు పూర్తిగా ఉన్నది ఏదైతే అది తీసుకోండి, రెండిటికీ ఉంటే 2013 320డి. చాసిస్ నంబరు తీసుకుని సర్వీసు సెంటర్ వాళ్లు ఏమన్నారో ఇక్కడే రాయండి. చలి ఇంజన్ శబ్దం ఫోనులో రికార్డు చేసి పంపితే విని చెబుతాను.